పద్నాలుగు సున్నపు చుక్కలు

మా ఆయన లారీ హారన్‌ను నేను అరమైలు దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. సూర్యాపేటలో పెద్దరోడ్డుకు రెండు సందుల వెనక మాది కిరాయి ఇల్లు. హైదరాబాదుకు పోయేవి, బెజవాడకు పోయేవి, రోజంతా లారీలు మోగుతూనే ఉండేవి. వాటన్నిటిలో ఆ ఒక్క హారన్ జలుబు చేసిన మేకపోతు అరిచినట్టు ఉండేది. అది వినపడితే చేతిలో పని అక్కడే వదిలేసి వాకిట్లోకి వచ్చేదాన్ని. వినపడని రోజులే ఎక్కువ.

అరవైల్లో మాట ఇది. మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉన్న ఒక సేటు దగ్గర ఆయన డ్రైవర్. మిల్లులో బియ్యం ఎత్తుకొని కోదాడ పోవాలి, అక్కడ దింపి, దొరికిన సరుకు ఎత్తుకొని ఇంకెక్కడికో పోవాలి. దారిలో సూర్యాపేట తగిలితే ఇల్లు, తగలకపోతే లేదు. మా తల్లిగారిది పెన్‌పహాడ్, గొర్ల మంద ఉన్న ఇల్లు. డ్రైవర్ సంబంధం అనగానే మా నాయన ఎగిరి గంతేశాడు. "నా అల్లుడు గొర్లెనక తిరిగేటోడు కాదు, బండి నడిపేటోడు" అని ఊరంతా చెప్పుకున్నాడు. గొర్ల వెనక తిరిగేవాడు పొద్దుగూకితే ఇంటికొస్తాడన్న సంగతి ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది గానీ అప్పటికి నాకు నోరు లేదు.

పెళ్లయ్యాక నోరు వచ్చింది. ఒక మంగళవారం పొద్దున ఆయన బయలుదేరుతుంటే గడపకు అడ్డం నిలబడ్డాను.

"మాపటికి వస్త అంటవ్, మూడు దినాలకు వస్తవ్. రేపు దీపం పెట్టకముందు రాకుంటే నేను పెన్‌పహాడ్ బస్సెక్కుత. నువ్వూ నీ బండీ కాపురం చేసుకోండ్రి."

ఆయన నవ్వాడు. ఆయనకు కోపం రావడం నేను చూసింది తక్కువ. ఇద్దరికీ రావాల్సిన కోపం దేవుడు నా ఒక్కదానికే ఇచ్చాడు.

"గట్లనా? అయితే సూడు, రేపు నువ్వు అగ్గిపుల్ల గియ్యకముందే గీ వాకిట్ల ఉంట" అన్నాడు.

ఉన్నాడు. బుధవారం ఇంకా ఇంటి కప్పు మీద ఎండ ఉండగానే మేకపోతు అరిచింది. నేను గెలిచానని మురిసిపోతూ పచ్చిపులుసు కలిపి, ఉల్లిపాయ ముక్కలు ఆయనకు ఎన్ని కావాలో అన్ని వేసి అన్నం పెట్టాను. గిన్నె ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "కోదాడకాడ నంబర్ రాసుకున్నరే."

జరిగింది ఇదీ. కోదాడలో బియ్యం బస్తాలు దింపేసరికి పొద్దు వాలుతోంది. నాకు మాట ఇచ్చాడు కదా, ఖాళీ బండిని ఊళ్లో నుంచే ఉరికించాడు. బడి గోడ దగ్గర ఒక పోలీసాయన చేతిరుమాలు పట్టుకొని నిలబడి ఉన్నాడు, చెమట తుడుచుకుంటున్నాడేమో అనుకున్నాడు ఈయన. బండి దాటగానే ఆ పోలీసాయన రుమాలు కిందికి ఊపాడు. ఫర్లాంగు దూరంలో ఇంకో పోలీసాయన చేతిలో గడియారం. ఆ రెండు చోట్ల మధ్య బండి ఎంత సేపట్లో పరుగెత్తిందో చూసి వేగం లెక్కకట్టడం అప్పట్లో వాళ్ల పద్ధతి. ఆపలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. అద్దంలో చూస్తే వెనక నంబరు చూసి పుస్తకంలో రాసుకుంటున్నారు.

"గంతేనా? రాసుకుంటే రాసుకోనీ" అన్నాను.

ఆయన లైసెన్సు తీసి నా ముందు పెట్టాడు. అందులో అంతకుముందే ఒకసారి ఎర్రసిరాతో ఏదో రాసి ఉంది, పెళ్లికాక ముందుది. ఇంకొకటి పడితే లైసెన్సు గుంజుకుంటారు. లైసెన్సు లేని డ్రైవర్‌ను ఏ సేటూ పెట్టుకోడు. ఆయనకు స్టీరింగు తిప్పడం తప్ప ఇంకో పని రాదు. నేను లైసెన్సు మూసి ఆయన చేతికిచ్చాను. దీపం పెట్టకముందు రావాలన్నది నేను. ఆ మాట ఆయన అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

తెల్లారి మిర్యాలగూడ పోయి సేటుకు చెప్పి, మధ్యాహ్నానికి బస్సులో తిరిగొచ్చాడు. సేటుకు ఎవరో తెలిసిన వకీలు చెప్పాడట. అక్కడికక్కడ ఆపి, నీ మీద కేసు పెడతాం అని చెబితే అదొక దారి. చెప్పకుండా వదిలేస్తే మాత్రం పద్నాలుగు రోజుల్లోపల ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానా తప్పు చేశావని నోటీసు రిజిస్టరు పోస్టులో రావాలి. రాకపోతే ఆ కేసు నిలవదు.

"పద్నాలుగు దినాలు ఇంటికాడనే ఉండు అన్నడు సేటు. బండి మీద చెయ్యి ఎయ్యొద్దట. మళ్ల ఎక్కడన్న పట్టుబడితే ఇగ నీ పని ఖతం అన్నడు. నోటీసు రాకుంటే బండి నాదే, వస్తే ఇంకోణ్ణి సూసుకుంట అన్నడు."

పద్నాలుగు రోజులు! పెళ్లయిన ఏడాదిలో వరసగా రెండు రోజులు ఆయన ఇంట్లో ఉన్నది లేదు. ఏడుపు మొహం పెట్టాలో, నవ్వు మొహం పెట్టాలో తెలియక నేను పొయ్యి దగ్గరికి పోయి ఊరికే పొగ ఊదాను.

మేముండే ఇల్లు ఒక అవ్వది. ముందు గదిలో తను ఉండేది, వెనక రెండు గదులు మాకు. ఎవరూ లేని మనిషి, ఆకువక్కే ఆమెకు సంసారం. సంగతి వినగానే సున్నం కాయ తీసి, వేలితో ఇంత సున్నం గీకి మా తలుపు చౌకట్టు మీద ఒక చుక్క పెట్టింది. దాని పక్కనే ఇంకొకటి పెట్టింది.

"రెండెందుకు అవ్వా?" అన్నాడు ఆయన.

"ఒకటి నిన్నటిది, ఒకటి ఇయ్యాల్టిది."

"నిన్నటిది గూడ లెక్కనేనా?"

"గాక? మనిషి పుట్టినా పోయినా ఆ దినం నుంచే లెక్క. పోలీసోళ్లకు వేరే పంచాంగముంటదా కొడుకా?"

మాకు ఎదురు చెప్పాల్సిన మాటలా అనిపించలేదు. పిల్ల పుడితే పుట్టిన రోజు ఒకటి, ఇరవై ఒకటో రోజు తొట్టెల. మనిషి పోతే పోయిన రోజు ఒకటి, పదకొండో రోజు దినం. మా ఇళ్లల్లో అందరం అట్లాగే లెక్కపెట్టుకున్నాం, మా ముందువాళ్లూ అంతే. బుధవారం చుక్కతో మొదలైంది కనుక పద్నాలుగో చుక్క మంగళవారం నాడు పడుతుందని అవ్వ వేళ్ల కణుపుల మీద లెక్కచూసి చెప్పింది.

మొదటి రెండు రోజులు ఆయన ఇంట్లో ఇమడలేదు. ఆ రెండు గదుల్లో లారీ నిలబెట్టినట్టు అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే నేను. పొయ్యి దగ్గర నా వెనకగా పోవాలంటే "జర సైడ్ ఇయ్యి" అనేవాడు. నేను ఇయ్యకపోతే నోటితో హారన్ కొట్టేవాడు. తెల్లవారుజామునే లేచి చెప్పులు వేసుకొని, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి మళ్లీ విప్పేవాడు.

మూడో రోజు నుంచి పనుల మీద పడ్డాడు. వదులైన నులక మంచాన్ని విప్పి మళ్లీ అల్లి, చివర బస్తాల మీద టార్పాలిన్ కట్టే ముడులు వేశాడు. ఆ ముడులు విప్పడం ఇంకెవరి తరమూ కాలేదు. బావి గిలకకు ఎక్కడి నుంచో గ్రీజు తెచ్చి పూశాడు. అది చప్పుడు చేయడం మానేసింది. ఎవరు నీళ్లు తోడుతున్నారో ఇక తనకు తెలియడం లేదని అవ్వ నాలుగు రోజులు తిట్టింది.

సాయంత్రాలు పొయ్యి పక్కన కూర్చొని వెల్లుల్లి పొట్టు తీస్తూ దారి చెప్పేవాడు. మిర్యాలగూడ దాటాక ఎక్కడ కాలువ అడ్డం వస్తుంది, హుజూర్‌నగర్ దగ్గర ఏ హోటల్లో చాయ బాగుంటుంది, ఏ మలుపులో ఎదుటి బండి కనపడదు. నేను అప్పటికి కోదాడ చూడలేదు. కానీ ఆ పద్నాలుగు రోజుల తర్వాత కళ్లకు గంతలు కట్టి వదిలినా కోదాడ పోయొచ్చేదాన్ని. ఆయన దారి చెబుతుంటే నాకు ఒకటే ఆలోచన: ఇంతకాలం నేను ఇంట్లో, ఈయన ఆ దారిలో, ఎవరి మానాన వాళ్లం బతికామన్నమాట.

ఏడో చుక్క పడ్డ రోజు బస్సులో పెన్‌పహాడ్ పోయాం. బస్సులో నా పక్కన కూర్చున్నాడే గానీ, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలకు గట్టిగా నొక్కేవాడు. "నీ కాలికింద బ్రేక్ లేదయ్యా" అంటే సిగ్గుపడ్డాడు. ఊరి బయట మా నాయన మంద రోడ్డుకు అడ్డంగా పోతుంటే బస్సు ఆగింది. ఆయన దిగి, గొర్ల మధ్య నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు హారన్ కొట్టి కొట్టి వీటిని తిట్టిన. ఇయ్యాల దగ్గరికెళ్లి సూస్తున్న, పాపం మంచిగనే నడుస్తయ్" అన్నాడు.

మా నాయన అల్లుణ్ని చూసి సంబరపడి, ఇన్ని రోజులు సెలవు ఎట్లా దొరికిందని అడిగాడు. "సర్కారోళ్లు ఇచ్చిండ్రు మామా" అన్నాడు ఆయన. నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్వాను.

ఇంత సుఖంలోనూ రోజూ పదకొండు గంటలప్పుడు మా ముగ్గురి చెవులూ సందు వైపే ఉండేవి. అది పోస్టుమాన్ వచ్చే వేళ. సందు మొదట్లో సైకిల్ గంట మోగగానే ఆయన పెరట్లోకి పోయేవాడు, అవ్వ గడప మీద కూర్చునేది, నేను చెంబుతో మజ్జిగ పట్టుకొని నిలబడేదాన్ని. ఎండలో తిరిగే మనిషి, మజ్జిగ తాగి "ఇయ్యాల మీకేం లేవక్కా" అని పోయేవాడు. ఆయన పెరట్లోంచి వచ్చి నా మొహం చూసేవాడు. ఇంకో రోజు గడిచిందని అవ్వ చౌకట్టు వైపు చూసేది.

నేను మాత్రం ఆ చుక్కలను చూడాలంటే భయపడేదాన్ని. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. నోటీసు రావద్దని మొక్కేదాన్ని, అదే నోటితో ఈ రోజులు అయిపోవద్దని మొక్కేదాన్ని. రెండూ కుదరవని తెలియని పిచ్చిదాన్నేం కాదు. అయినా మొక్కేదాన్ని. ఒకరోజు అవ్వ చుక్క పెట్టడం మరిచిపోతే నేను గుర్తుచేయలేదు. మధ్యాహ్నం ఆమెకే గుర్తొచ్చి నా వైపు చూసి, "దొంగ మొహమా" అని నవ్వి చుక్క పెట్టింది.

మంగళవారం పద్నాలుగో చుక్క పడింది. పోస్టుమాన్ వచ్చాడు, మజ్జిగ తాగాడు, ఏమీ లేదని పోయాడు. అవ్వ చప్పట్లు కొట్టింది. ఆ రోజు శనగపప్పు, బెల్లం ఉడకేసి బచ్చాలు చేశాం. సాయంత్రం సేటు మనిషి వచ్చి, బండి కడిగించి సిద్ధంగా పెట్టారని, తెల్లారి మిర్యాలగూడలో ఉండమన్నారని చెప్పి పోయాడు.

బుధవారం తెల్లవారుజామున ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఈసారి విప్పే పని లేదు. నేను గడప దగ్గర నిలబడ్డాను, అడ్డంగా కాదు, పక్కకే.

"ఇంకొక్క దినం ఉండరాదు?" అన్నాను.

"పద్నాలుగు అయినయ్ గదనే. సేటు ఊకుంటడా?" అన్నాడు. రెండడుగులు పోయి వెనక్కి తిరిగి, "శనివారం వస్త, దీపం పెట్టకముందు" అన్నాడు. ఈసారి నేను ఆ మాట అడగలేదు. అయినా అన్నాడు.

అదేరోజు పదకొండింటికి సైకిల్ గంట మోగింది. అలవాటుగా మజ్జిగ పట్టుకొని పోయాను. పోస్టుమాన్ మజ్జిగ ముట్టలేదు. సంచిలోంచి ఒక పొడుగు కవరు తీశాడు. "రిజిస్టరు ఉన్నదక్కా, ఆయనకు. పోలీసోళ్లది. ఆయన లేడా? లేకుంటే రేపు తెస్త."

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ చౌకట్టు వైపు చూసి, మళ్లీ ఒకసారి చుక్కలన్నీ లెక్కపెట్టింది. పద్నాలుగు, నిండుగా. "తీసుకో బిడ్డా. నిన్ననే గడువు ఖతమయింది. ఇగ అది సచ్చిన పాము" అంది.

నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం కూడా కాదు, పొగరు. "నేను సంతకం పెడత, ఇయ్యి" అన్నాను. మా ఊరి బడిలో ఐదు తరగతులు చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా దస్తూరి చూసి పంతులు నాతోనే నల్లబల్ల మీద సూక్తులు రాయించేవాడు. పెళ్లయ్యాక నాకు కలం పట్టే పని పడలేదు. పోస్టుమాన్ ఇచ్చిన చీటీ గోడకు ఆనించి, గుండ్రంగా, ఒత్తులన్నీ కుదిరేటట్టు నా పేరు రాశాను. "తారీఖు గూడ ఎయ్యక్కా" అన్నాడు. తారీఖు కూడా వేసి, కింద ఒక గీత గీశాను.

శనివారం ఆయన దీపం పెట్టకముందే వచ్చాడు. నేను నవ్వుతూ కవరు ఆయన ఒళ్లో పడేశాను. లోపల ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది, మా ఇద్దరికీ అది చదవడం రాదు. "ఒకదినం ఆలస్యంగ వచ్చినవ్ సార్" అని కవరుకు సలాం కొట్టి, ట్రంకుపెట్టె అడుగున పడేశాడు.

నెల తిరగకముందే కోర్టుకు రమ్మని సమన్లు వచ్చాయి. ఒక వకీలును పట్టుకున్నాం. నోటీసు పదిహేనో రోజున వచ్చింది, గడువు దాటింది, కేసు చెల్లదు అని చెప్పమన్నాం. కేసు రోజు నేను కూడా పోయి వరండాలో స్తంభానికి ఆనుకొని కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు. ఒకసారి జడ్జిగారు ఒక చిన్న చీటీ పైకెత్తి చూశారు. అంత దూరం నుంచి కూడా నా దస్తూరి నాకు కనపడింది. కింద గీత కూడా.

బయటికొచ్చాక వకీలు మాకు నిదానంగా చెప్పాడు. "తప్పు జరిగిన దినం లెక్కల రాదు. తెల్లారి నుంచి ఒకటి. బుధారం నాడు జరిగింది గదా, రెండు వారాలకు వచ్చే బుధారం దాంక గడువు ఉన్నట్టే. మీరు మంగళారానికే అయిపోయిందనుకున్నరు."

ఆర్నెల్లు లైసెన్సు తీసేసుకున్నారు. సేటు చెడ్డవాడేం కాదు, ముందే చెప్పిన మాట ప్రకారం బండిని ఇంకొకరికి ఇచ్చాడు.

ఇంటికొచ్చేదాకా నేను తల ఎత్తలేదు. ఇంటికొచ్చి ఏడుపు మొదలుపెట్టాను. రేపు తెస్తానన్న మనిషి చేతిలోంచి గుంజుకొని, తారీఖు వేసి మరీ సంతకం పెట్టాను. రేపు రమ్మని ఉంటే గడువు దాటేది. ఆయన నా పక్కన కూర్చొని కొంచెంసేపు ఏడవనిచ్చాడు.

"వకీలు ఇంకో మాట గూడ చెప్పిండే. నువ్వు లోపటికి రాలేదు. నోటీసు మనకు అందిన దినం కాదట సూసేది, వాళ్లు పోస్టుల ఏసిన దినమట. సోమారమే ఏసిండ్రు. నువ్వు సంతకం పెట్టినా పెట్టకున్నా ఒకటే." అని, "నీ దస్తూరి మాత్రం జడ్జిగారు గూడ రెండుసార్లు సూసిండ్రు. ముత్యాలే" అన్నాడు.

నేను నమ్మలేదు. నన్ను ఊరడించడానికి కట్టిన మాట అనుకున్నాను. అంత మంచివాడు అబద్ధం చెప్పకుండా ఎట్లా ఉంటాడు?

ఆ ఆర్నెల్లు హమాలీ పని చేశాడు. ఇంట్లోనే ఉన్నాడు, కానీ ఆ ఉండడం వేరు. పొద్దున పోయి మాపటికి వీపు పట్టేసి వచ్చేవాడు. దారి గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. రోడ్డు మీద లారీ పోతుంటే తల తిప్పుకునేవాడు. లైసెన్సు చేతికొచ్చాక ఈ చుట్టుపక్కల ఎవరూ పెట్టుకోలేదు. హైదరాబాదు పోయి బొంబాయి లైను లారీలు ఎక్కాడు. ఇక నెలకోసారి, నెలన్నరకోసారి. జలుబు మేకపోతు హారన్ ఇంకెవరి చేతికో పోయింది. రోజూ రెండుమూడుసార్లు పెద్దరోడ్డు మీద అది మోగేది. ఆయన కాదని తెలిసి కూడా మొదట్లో వాకిట్లోకి ఉరికేదాన్ని.

ఆ పద్నాలుగు రోజులకు సరిగ్గా తొమ్మిది నెలలు నిండాక మాకు ఆడపిల్ల పుట్టింది. "పోలీసోళ్ల పుణ్యం" అని అవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల పెట్టుకున్నాం, ఆయనకు ముందే ఉత్తరం, ఎవరితోనూ రాయించకుండా, నేనే రాశాను. ఆ రోజు రాలేదు. చుట్టాలు తిని, పిల్లను తొట్టెలలో వేసి, పాటలు పాడి పోయారు. నా కోపం నషాళానికి అంటింది. తెల్లారి పొద్దున సంచి నిండా గిలక్కాయలు పట్టుకొని దిగాడు.

"అంతా అయిపోయినంక వచ్చినవా?" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. "ఇయ్యాల గదా ఇరవై ఒకటి? పుట్టిన దినం తీసేసి లెక్కపెట్టుకున్న. ఒకసారి తప్పు లెక్కపెట్టి బుద్ధి వచ్చింది గదనే."

కోపం ఎటు పోయిందో పోయింది. తొట్టెల మళ్లీ కట్టి, ఆయన ఒక్కడి కోసం ఇంకోసారి పాడాను.

అప్పటి నుంచి ఆయనకు అదే లెక్క. పది రోజుల్లో వస్తానంటే పోయిన రోజు కాకుండా పది. రెండు రోజులుంటానంటే వచ్చిన రోజు కాకుండా రెండు. ఆ లెక్కలో రాకడ ఒకరోజు ఆలస్యమయ్యేది, ఉండడం ఒకరోజు పెరిగేది. చివరికి ఇద్దరికీ సమానమే. చౌకట్టు మీది చుక్కలను మాత్రం పండగకు ఇల్లు కడిగినా నేను చెరగనివ్వలేదు.

ఆరేళ్ల తర్వాత మా నాయన పొలం తగాదా మీద ఆ వకీలు దగ్గరికే పోవాల్సి వచ్చింది. పని అయ్యాక ధైర్యం చేసి, ఆనాటి నా సంతకం మాట అడిగాను. పాపం ఆయనకు గుర్తే లేదు. చెబితే విని, "సంతకం సంగతి లేదమ్మా దాంట్ల. రిజిస్టర్ల పోస్టు చేసిన తారీఖే ముఖ్యం" అన్నాడు. అదే మాట. ఆరేళ్లు నేను అబద్ధం అనుకున్న మాట.

మా ఆయన వచ్చినప్పుడు చెప్పాను, "నువ్వు చెప్పింది నిజమేనట."

"ఆరేండ్ల సంది నమ్మలేదా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. అప్పుడు ఆయన నులక మంచం మీద పడుకొని, చివరి ముడి మీద వేలు పెట్టి తిప్పుతున్నాడు. "నన్ను కొరికేది లైసెన్సు కాదే. అదెట్లన్న పోయేటిదే. ఆ బుధారం మనదే ఉండె. నువ్వు ఉండమన్నవ్. నేను పోయిన. ఎన్నిసార్లు బండి నడుపుకుంట యాది చేసుకున్ననో ఆ దినం ఇంటికాడ ఉంటే ఏం చేస్తుంటిమి అని."

నేనూ అదే అనుకుంటూ ఉండేదాన్నని చెప్పాను. ఏం చేసేవాళ్లం? వెల్లుల్లి పొట్టు తీసేవాళ్లం, ఇంకేముంది. ఆ ఇంకేమీ లేని రోజు కోసమే నా ప్రాణం కొట్టుకునేది.

డెబ్బైలు ఇంకా అయిపోకముందే ఆయన పచ్చకామెర్లతో బొంబాయి దారిలోనుంచి తిరిగొచ్చాడు. దవాఖానలో వారం ఉన్నాడు. ఆ వారంలో ఒకసారి మాత్రం, "ఇంటికి పోదాం, ఈసారి సెలవు ఎక్కువనే దొరికింది" అన్నాడు. ఇంటికి తీసుకొచ్చిన మూడో రోజు పోయాడు. బిడ్డకు అప్పుడు తొమ్మిదేళ్లు.

పదకొండో రోజు ఎప్పుడని పెద్దమనుషులు వాకిట్లో కూర్చొని లెక్కవేశారు. మా ఆయన వాళ్ల అన్న వేళ్లు మడుస్తూ, పోయిన రోజు ఒకటి, తెల్లారి రెండు అంటున్నాడు. పదకొండో రోజు దాకా పోయిన మనిషి ఇంటినే అంటిపెట్టుకొని ఉంటాడని మావాళ్ల నమ్మకం. ఆ రోజు పిట్టకు అన్నం పెట్టి సాగనంపుతారు. నేను లోపలినుంచి లేచి వచ్చాను. ఆడవాళ్లు అట్లా లేచి రాకూడదు.

"ఆ దినం లెక్కపెట్టకు బావా. తెల్లారి నుంచి ఒకటి. ఆయన లెక్క గంతే" అన్నాను.

దుఃఖంలో మతి చలించిందనుకున్నారు. ఆడవాళ్లెవరో నా భుజం పట్టుకొని లోపలికి తీసుకుపోయారు. వాళ్ల లెక్క ప్రకారమే అన్నీ జరిగాయి. పిట్ట ముట్టింది. చుట్టాలు తిన్నారు, పోయారు.

మర్నాడు, ఆయన లెక్కలో పదకొండో రోజు, ఇల్లు ఖాళీ. నేను తలకు పోసుకొని, అన్నం వండి, పచ్చిపులుసు కలిపి, ఉల్లిపాయ ముక్కలు ఎక్కువ వేసి ఒక విస్తరి నులక మంచం పక్కన పెట్టాను. తర్వాత అక్కడే కూర్చొని వెల్లుల్లి పొట్టు తీశాను. వంటకు అవసరం లేకపోయినా గంపెడు తీశాను. రోడ్డు మీద లారీలు మోగుతూనే ఉన్నాయి. ఆ రోజు నాకు ఏ హారన్ కోసమూ చెవి పెట్టాల్సిన పని లేదు, ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

పొద్దు గూకింది. బిడ్డ బడినుంచి వచ్చి, పుస్తకాలు ముందేసుకొని, "అమ్మా, సీకటయితున్నది, దీపం పెట్టవా?" అంది.

"జర ఆగు బిడ్డా" అన్నాను.

అగ్గిపెట్టె చేతిలో పట్టుకొని గడప మీద కూర్చున్నాను. చౌకట్టు మీద సున్నపు చుక్కలు కనపడకుండా పోయేదాకా పుల్ల గియ్యలేదు.